సూది లేని గదిలో దూది

దాసప్ప ప్రాణం పోయిన బల్ల మీద సుభద్రమ్మ బోర్లా పడుకొని ఉంది.

ముఖం ఆనించుకోవడానికి బల్లకు ఒక చివర గుండ్రంగా చిన్న కంత ఉంది. అందులోంచి చూస్తే సిమెంటు నేల, గోడవారగా ఒక చీపురు, అంతే. పోయేముందు ఆ మనిషి కంటికి ఆనినవి ఇవే అయ్యుండాలి. తన కాళ్ళ దగ్గర ఎవరు నిలబడ్డారో, వాళ్ళ చేతిలో ఏముందో ఈ బల్ల మీద పడుకున్నవాళ్ళకు తెలిసే దారి లేదు. ఆ మాట మనసులో పడగానే వీపు మీద ఎవరో చల్లటి చెయ్యి వేసినట్టయింది ఆమెకు.

ఇలాంటి బల్ల ఆమెకు కొత్త కాదు. పోలీసు ఉద్యోగం మానుకొని మదనపల్లిలో సైకిల్ షాపు మేడ మీద డిటెక్టివ్ అని బోర్డు కట్టుకున్న కొన్నాళ్ళకే గుదికాలి వెనక నరం పట్టుకుంది. పొద్దున మంచం దిగి అడుగు వేస్తే పాదం వెనక కొడవలి పెట్టి లాగినట్టుండేది. డాక్టర్ ముద్దుకృష్ణ క్లినిక్‌లో దానికి అయస్కాంతం మిషన్ వచ్చిందంటే కుంటుకుంటూ పోయింది. అక్కడ మిషన్ పట్టేది ఖుర్షీదా. బొటనవేలితో నొక్కి, ఎక్కడ అబ్బా అంటారో అక్కడ నీలం పెన్సిలుతో చుక్క పెట్టేది. ఆ చుక్క మీద దోసె పెనంలాగా పిడి ఉన్న చక్రాన్ని ఆనించి స్విచ్ నొక్కేది. టక్, టక్, టక్ అని చప్పుడు. ఆ దెబ్బకు కాలి వేళ్ళు వాటంతటవే ఎగిరిపడేవి. సూది లేదు, కోత లేదు. ఇది కొందరికి పని చేస్తుంది, కొందరికి చెయ్యదు అని డాక్టరు ముందే చెప్పాడు. సుభద్రమ్మకు పని చేసింది. ఈరోజు ఆమె మెట్లెక్కుతున్నదంటే అది ఖుర్షీదా చేతి చలవ.

ఆ ఖుర్షీదానే ఇప్పుడు ఈ పుంగనూరు బ్రాంచిలో, పక్క గదిలో, చంటిబిడ్డను ఒడిలో వేసుకొని గోడకు ఆనుకొని కూర్చుంది. సాయంత్రంలోపల అసలు సంగతి తేలకపోతే డాక్టరు ఆమె మీద పోలీసులకు కంప్లయింటు ఇస్తాడు. ఆమె జైలుకు పోతుంది. ఇంకా పాలు మరవని మెహ్‌నాజ్ ఎవరి చేతుల్లో పెరగాలో ఆ పైవాడికే తెలియాలి.

జరిగింది చెప్పుకుంటే చిన్నదే. దాసప్ప పుంగనూరులో లారీ డ్రైవరు. గుదికాలి నొప్పికి మదనపల్లికి వచ్చి పోతూ ఉండేవాడు. సొంత ఊళ్ళో బ్రాంచి తెరిచాక ఇక్కడికే రావడం మొదలుపెట్టాడు. మంగళవారం ఈ బల్ల మీద పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. గుండె జబ్బు మనిషి కదా, పోయింది గుండెతోనే అనుకున్నారు అందరూ. మూడో నాటికి ఈ మిషన్ అమ్మిన విజయవాడ కంపెనీ తన తరఫున ఒక డిటెక్టివ్‌ను పంపింది. పేరు మధుసూదన్. ఆయన వచ్చి, దాసప్ప రొమ్ములో గుండెను ఆడించే బ్యాటరీ ఉందని బయటపెట్టాడు. బ్యాటరీ ఉన్న మనిషికి అయస్కాంతం పెట్టకూడదు, అడగకుండా పెట్టి చంపింది ఈ అమ్మాయే అని తేల్చేశాడు.

అడగకుండా పెట్టలేదని ఖుర్షీదా ఏడ్చి చెప్పింది. మదనపల్లిలో దాసప్పను చూసేది డాక్టరే కాబట్టి తాను అడిగే అవసరం రాలేదట. ఇక్కడ మొదటి రోజే ఒంట్లో ఇనుము ఏమన్నా ఉందా అని అడిగింది. దానికి దాసప్ప నవ్వి ఒక మాట అన్నాడు. ఆ మాట ఆమె సుభద్రమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

"ఇనుము లేదమ్మా, బ్యాటరీ ఒకటే ఉండాది అన్న్యాడక్కా. లారీ డ్రైవరు కదా, తమాషాకు అంటాండాడనుకోని నేనూ నవ్వినా. నవ్వినానక్కా నేను."

మదనపల్లి డాక్టరుకు ఆ బ్యాటరీ సంగతి తెలియదా అని సుభద్రమ్మ నిన్ననే ఫోన్ చేసి కనుక్కుంది. తెలుసట. కాలి దగ్గర పెట్టే చక్రం శక్తి జానెడు దూరం కూడా పోదు, రొమ్ముకు దూరంగా జాగ్రత్తగా పెట్టవచ్చు అని బెంగళూరులో గుండె డాక్టరును అడిగిన తర్వాతే ఆయన మొదలుపెట్టాడు. అయినా మనిషి చచ్చిపోయాడు కదమ్మా, నా లెక్కే తప్పేమో అన్నాడు. తప్పు తనదో, అమ్మాయిదో తేల్చుకోలేక, మధుసూదన్ రాసిచ్చేదాని మీద సంతకం పెట్టడానికి సిద్ధంగా ఉన్నాడు.

కంతలోంచి చూస్తున్న సుభద్రమ్మ కంటికి అప్పుడు కనపడింది. చీపురు వెనక, గోడకూ నేలకూ మధ్య సందులో, ఎండిపోయిన చిన్న దూది ఉండ.

ఆమె దిగి, వంగి, దాన్ని తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. స్పిరిట్టు వాసన పోయీ పోకుండా ఉంది. మధ్యలో ఆవగింజంత గోధుమరంగు మరక. సూది పొడిచాక ఒంటి మీద అదిమే దూది అది. బయట గోడ మీద ఇంత పెద్ద అక్షరాలతో గుదికాలి నొప్పికి సూది లేదు, కోత లేదు అని రాసి ఉంది. సూదే లేని గదిలో దూదికి ఏం పని?

"ఏమండీ సుభద్రమ్మగారూ, మీకూ మడమ నొప్పేనా? శవం పడుకున్న బల్ల మీద పడుకున్నారు, ధైర్యవంతులే."

దూదిని పిడికిట్లో దాచుకొని ఆమె తిరిగి చూసింది. మధుసూదన్ గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాడు. నలగని చొక్కా, చంకలో తోలుసంచి. ఆయనన్న మాట ఆమెకు ఒక్క క్షణం 'ఎడమ నొప్పి' అని వినిపించింది. తర్వాత తట్టింది, గుదికాలిని విజయవాడ పక్కవాళ్ళు మడమ అంటారు.

"నాకు నయమైపోయిందప్పా. మీ మిషన్‌తో కాదు, మదనపల్లిలో ఉండే మిషన్‌తో."

"ఏదైనా ఒకటే కదూ. అదీ అయస్కాంతమే, ఇదీ అయస్కాంతమే."

ఆమె మిషన్ దగ్గరికి జరిగింది. బల్ల పక్కన స్టాండు మీద తెల్లటి పెట్టె, దానికి వేలాడుతున్న పెనం. పెట్టె కింద చిన్న సొరుగు సగం తెరిచి ఉంది. లోపల ఏమీ లేదు. పలచటి దుమ్ములో చిన్న సీసా అడుగంత గుండ్రటి జాగా మాత్రం శుభ్రంగా ఉంది. ఏదో ఒకటి ఇక్కడ నిలబెట్టి ఉన్నారు, దుమ్ము మళ్ళీ పడకముందే తీసుకుపోయారు. ఆమె స్విచ్ మీద చెయ్యి పెట్టబోయింది.

మధుసూదన్ రెండు అంగల్లో వచ్చి ప్లగ్గు పీకేశాడు. పెట్టెకు ఉన్న వైరు కూడా ఊడదీసి చుట్టచుట్టి సంచిలో వేసుకున్నాడు. కంపెనీ ఆస్తి అట. విచారణ ముగిసేదాకా ఎవరూ ఆన్ చెయ్యకూడదట. ఇంకొకరి ప్రాణం పోతే ఎవరు బాధ్యులు అని అడిగాడు.

"మీ మిషన్‌కు అంత బలముండాదా?" అంది సుభద్రమ్మ. "గుదికాలి దగ్గర పెడితే రొమ్ములో ఉండే బ్యాటరీ నిలిచిపోయేంత?"

"ఉంది కాబట్టే కదూ చచ్చిపోయాడు. మీరు పోలీసుల్లో లాఠీ పట్టుకున్న మనిషి. సైన్సు మాకు వదిలెయ్యండి."

"లాఠీ పట్టుకున్న చేతికి అబద్ధం తగిలితే తెలుస్తాదప్పా. అంత బలమైన మిషన్ని అమ్మినవాళ్ళు, మా సరుకు మనుషుల్ని చంపుతాది అని ఇంత గట్టిగా చెప్పుకోవడం నేను యాడా చూడలా."

అతని నవ్వు పెదవుల మీద అట్లాగే ఉంది కానీ కళ్ళల్లోంచి పోయింది. పక్క గదిలోకి నడిచి ఖుర్షీదాతో మెత్తగా మాట్లాడటం మొదలుపెట్టాడు. శుక్రవారం కాబట్టి డాక్టరు కుప్పం బ్రాంచిలో ఉంటాడు, అక్కడా కొత్తగా మా కంపెనీ మిషనే పెట్టాం. అక్కడికి పోయి, ఆ రోజు నువ్వు ఏం చేశావో ఆయన కళ్ళ ముందు చేసి చూపించు. దాసప్ప ఎట్లా పడుకున్నాడో నువ్వే పడుకొని చూపించు. ఆయన మనసు మెత్తబడితే కంప్లయింటు ఇవ్వడు. బిడ్డను ఎందుకు ఆ దారిలో తిప్పడం, సాయంత్రానికి తిరిగొచ్చేస్తాం కదూ.

ఖుర్షీదా ముఖంలో ఆ మూడు రోజుల్లో మొదటిసారి కాస్త వెలుగు కనపడింది. అది చూసి సుభద్రమ్మ చెప్పులు తొడుక్కుంది. తానూ వస్తానంది. కంపెనీ విచారణలో బయటివాళ్ళకు చోటు లేదన్నాడు మధుసూదన్. వద్దని ఖుర్షీదాను ఆపడానికి ఆమె చేతిలో ఒక దూది ఉండ, దుమ్ములో ఒక గుండ్రటి జాగా తప్ప ఏమీ లేవు. పైగా వాడు పోతే ఈ గది తనకు ఖాళీ అవుతుంది కదా అని లోపల ఒక మూల అనిపించింది కూడా.

బిడ్డకు కడుపు నిండా పాలిచ్చి, సుభద్రమ్మ చేతుల్లో పెడుతూ ఖుర్షీదా ఒక సంగతి చెప్పింది. ఇన్ని రోజులూ దాచుకున్నది అదే. మంగళవారం దాసప్ప కాలి మీద పెనం పెట్టి స్విచ్ వేశాక, పక్క గదిలో చీర ఉయ్యాలలో బిడ్డ ఏడ్చింది. దాసప్పే అన్నాడట, పోమ్మా, బిడ్డకు పాలియ్యిపో, నేను యాడికీ పోను అని. ఆమె పోయింది. వచ్చేసరికి మనిషి కదలడం లేదు. బల్ల మీద మనిషిని వదిలి పోవడం తప్పు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

"నువ్వు పోయినప్పుడు ఇంకెవరుండారు ఈడ?"

"లక్ష్మయ్య ఒకడే అక్కా. ఊడ్చేవాడు, స్విచ్చులేసేవాడు. ఆ పొద్దునుంచి పనికి రాలేదు. ఇంకోటక్కా, ఈ మిషన్ పెడితే దాసప్ప కాలి వేళ్ళు ఎగరడం లేదు. కరెంటు వోల్టేజి తక్కువ అనుకోని పోయిన వారం కంపెనీకి ఫోన్ చేసినా. ఉత్త శబ్దమే వస్తాది, శుక్రవారం కుప్పం పోయి డాక్టరుకే చెప్తానని దాసప్ప అంటాండాడు సార్, అని గూడా చెప్పినా."

అంతలో మధుసూదన్ హారన్ కొట్టాడు. ఆమె పరుగున పోయి సుమోలో ఎక్కింది. బండి పలమనేరు దారి పట్టింది.

బిడ్డను భుజాన వేసుకొని సుభద్రమ్మ దాసప్ప ఇంటికి పోయింది. వసారాలో దాసప్ప భార్య పాపక్క చాప మీద ఒంటరిగా కూర్చుని ఉంది. ఎవరి బిడ్డ అని అడిగింది. దాచడం ఇష్టంలేక సుభద్రమ్మ ఉన్నమాట చెప్పింది. పాపక్క బిడ్డ ముఖం చూసింది. తర్వాత చేతులు చాచింది.

"ఎండలో తిప్పుతాండారే. ఇట్లియ్యి."

ఒడిలో వేసుకొని కొంగుతో బిడ్డ నుదురు తుడిచింది. ఆ తర్వాత అడిగినవాటికి అడ్డం లేకుండా జవాబు చెప్పింది. నొప్పి కుడి కాలికి. లారీ యాక్సిలరేటర్ తొక్కీ తొక్కీ వచ్చిన నొప్పి. పొద్దున్నే ఆముదం కాచి రుద్దేది తానే కాబట్టి పొరబాటు లేదు. మరి కడసారి స్నానం పోసినప్పుడు కాళ్ళ మీద ఏమన్నా చూసిందా అంటే, చూసింది. నీలం చుక్క ఒకటి ఉంది. ఎంత రుద్దినా పోలేదు.

"అది ఎడమ కాలికమ్మా. పాదానికి కొంచెం పైన, వెనక పక్క. నొప్పి కుడి కాలు కదా, దీనికి యాల పెట్టినారు అనుకున్నా. అడగను ఆయప్ప ఉండాడా?"

ఖుర్షీదా నిద్రలో పెట్టినా ఆ చుక్క కుడి కాలికే పెడుతుంది. ఎడమ కాలికి పెట్టింది ఇంకెవరో.

"దహనం చేసినారా పాపక్కా, పూడ్చినారా?"

"మాలో పూడ్చడమే."

అయితే ఆ చుక్క ఇంకా ఉంది. దాని కింద ఉన్నది కూడా ఉంది.

బిడ్డను పాపక్క దగ్గరే వదిలి ఆమె గదికి తిరిగొచ్చింది. దారిలో జిరాక్స్ షాపు బాబు సాహెబ్‌ను బతిమాలి ఆయన కంప్యూటర్ వైరు అరువు తెచ్చింది. మిషన్ పెట్టె వెనక అది సరిగ్గా సరిపోయింది. స్విచ్ నొక్కగానే లైట్లు వెలిగాయి. టక్, టక్, టక్.

మెడలోని గొలుసుకు ఉన్న పిన్నీసు తీసి పెనం మీద పెట్టింది. మదనపల్లిలో ఖుర్షీదా ఆడవాళ్ళందరిచేతా గాజుల పిన్నీసులు, గొలుసు పిన్నీసులు తీయించి ఒక గిన్నెలో వేయించేది. ఒకసారి మరిచిపోతే సుభద్రమ్మ పిన్నీసు ఎగిరి గోడకు కొట్టుకుంది. ఇక్కడ అది నిద్రపోతున్నట్టు పడి ఉంది. ఆమె కాలు ఎత్తి గుదికాలి వెనక పెనం ఆనించుకుంది. వేళ్ళలో కదలిక లేదు. గట్టిగా అదిమింది. ఏమీ లేదు. చప్పుడు మాత్రం గోడలదాకా మోగుతోంది.

ఒట్టి డబ్బా. చప్పుడు చేసే డబ్బా. దీంతో రొమ్ములో బ్యాటరీ కాదు కదా, చేతి గడియారం కూడా నిలిచిపోదు. దాసప్పకు అది తెలిసిపోయింది, డాక్టరు చెవిన వేస్తానన్నాడు. ఆయన నోరు మూయించినవాళ్ళకు ఒక్క దెబ్బకు రెండు లాభాలు. మనిషి పోయాడు, మిషన్‌కు మనిషిని చంపేంత బలముందని పేరొచ్చింది. ఇంక దాన్ని డబ్బా అని ఎవరంటారు?

వెనకవైపు తలుపు కిర్రుమంది.

ఆమె చప్పుడు ఆపలేదు. టక్ టక్ మోగుతుండగానే తలుపు చాటుకు నడిచి, లోపలికి తల పెట్టిన మనిషి చెయ్యి ఒడిసిపట్టుకుంది. బక్కపలచటి మనిషి, కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. లక్ష్మయ్య. మనిషి చనిపోయిన గదిలో మిషన్ దానంతటదే మోగుతోందని వీధిలో విని, దాసప్ప తిరిగొచ్చాడేమోనని వచ్చానన్నాడు. అది అబద్ధం కాదు. అతను బల్ల వైపు చూడటం లేదు.

రామసముద్రంలో ఒక నర్సింగ్ హోమ్‌లో వార్డుబాయ్‌గా చేసి, పక్షం కిందట ఇక్కడ చేరాడని మాటల మీద తెలిసింది. అయితే సూది వెయ్యడం తెలిసే ఉండాలి. ఆ మాట ఆమె అడగలేదు. అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, తాను ఎదురుగా నిలబడి మామూలుగా అంది.

"లక్ష్మయ్యా, నీ మడమ ఒకసారి చూపించప్పా."

లక్ష్మయ్య అయోమయంగా చూసి ఎడమ చెయ్యి చాపాడు.

"చెయ్యి కాదు. కాలు. మడమ వెనక."

అతను ఎడమ కాలు ఎత్తి, దాని వెనక పక్క కనపడేలా తిప్పాడు.

గదిలో టక్ టక్ మోగుతూనే ఉంది. సుభద్రమ్మ స్విచ్ ఆపింది.

"నీతో ఫోన్‌లో అట్లనే కదా చెప్పింది? మడమ వెనక సూది వెయ్యి, మీద నీలం చుక్క పెట్టు, బెజ్జం కనపడదు అని. మడమ అంటే గుదికాలప్పా. ఎడమ కాదు."

లక్ష్మయ్య రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఆ తర్వాత ఏడుస్తూ చెప్పిందంతా కలిపితే ఇదీ. కంపెనీ సారు అని ఒకతను ఫోన్ చేసేవాడు. మనిషిని ఎప్పుడూ చూడలేదు. కాలు ఎగరడం లేదని పేషెంట్లు గొణుగుతున్నారు, ఈ మందు కొంచెం వేస్తే తిమ్మిరి పుట్టి కాలు అదురుతుంది, ఎవరికీ చెప్పొద్దు, సూది లేదని బోర్డు పెట్టాం కాబట్టి పరువు పోతుంది అన్నాడు. బస్సు పార్సిల్లో పేరు అంటించని చిన్న సీసాలు రెండు, సూది వచ్చాయి. మొదట దాసప్పకు వెయ్యమన్నాడు. ఖుర్షీదా బిడ్డ దగ్గరికి పోయినప్పుడు వేశాడు.

"నొప్పి కుడి కాలు కదరా అన్న్యాడమ్మా దాసప్పన్న. ఎడమ పక్క వేస్తే కుడి పక్క పని చేస్తాదంట, సారు చెప్పినాడు అన్న్యా. సరే గానీరా, సూది లేదని రాసి సూదేస్తాండారు, మీ బోర్డుకు తారు పూస్తా అని నవ్వినాడు. నవ్వతా నవ్వతానే..."

చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు. మళ్ళీ అందుకున్నాడు. ఆ సారు మళ్ళీ ఫోన్ చేసి, పోయింది బ్యాటరీతో, నీ సూదితో కాదు, అయినా నోరు విప్పితే ఉరి నీకే అని బెదిరించాడు. మిగిలిన సీసా, సూది మిషన్ కింద సొరుగులో పెట్టి కనపడకుండా పొమ్మన్నాడు. నిన్న సాయంత్రం లక్ష్మయ్య అట్లాగే పెట్టి పోయాడు. ఇప్పుడు సొరుగు చూస్తే ఖాళీ.

"మనిషిని చూడలేదు సరే. మాటతీరు ఎట్లుంటాది?"

"మన పక్క మాట కాదమ్మా. ప్రతి మాటకూ చివర కదూ, కదూ అంటాడు."

ఈ పొద్దున సుభద్రమ్మకంటే ముందు ఈ గది తాళం తీసింది మధుసూదన్ ఒక్కడే. సీసా ఆ తోలుసంచిలోనే ఉండాలి. సాయంత్రానికి తిరిగొచ్చేస్తాం కదూ. దాసప్ప ఎట్లా పడుకున్నాడో నువ్వే పడుకొని చూపించు. కాలి వేళ్ళు ఎగరడం లేదని కంపెనీకి ఫోన్ చేసిన పిల్ల అది. అసలు మిషన్‌కూ డబ్బాకూ తేడా చేతికి తెలిసిన మనిషి, దాసప్ప తర్వాత లోకంలో ఆమె ఒకతే. చేసిన తప్పు తట్టుకోలేక తానే సూది వేసుకుందని చెబితే నమ్మనివాళ్ళు ఎవరు?

గోడ మీద ఉన్న ఫోన్ దగ్గరికి ఆమె పరుగెత్తింది. నయమైన గుదికాలు చాలా నెలల తర్వాత చురుక్కుమంది. కుప్పం బ్రాంచి నంబరు తిప్పింది. మొదటిసారి కలవలేదు. రెండోసారి మోగింది. మోగుతూనే ఉంది.

గుమ్మంలో పాపక్క నిలబడి ఉంది. భుజం మీద మెహ్‌నాజ్ గుక్కపట్టి ఏడుస్తోంది. ఆకలేమోనమ్మా, పాలు పట్టిస్తే మూతి తిప్పుకుంటాండాది, తల్లి ఎప్పుడొస్తాదని అడిగింది.

అటువైపు ఫోన్ ఎత్తారు. డాక్టర్ ముద్దుకృష్ణ.

"చెప్పమ్మా సుభద్రమ్మా. ఆ బిడ్డ ఏడుపేనా? వాళ్ళమ్మ ఈడనే ఉండాది, ఇప్పుడే వచ్చినారు."

"డాక్టరుగారూ, ఖుర్షీదా యాడ?"

"లోపలి రూములో. బల్ల మీద పడుకోనుండాది. మధుసూదన్ గారు ఆ దినం జరిగినట్టే చేసి చూపిస్తామంటే సరే అన్న్యా. నన్ను బయటుండమన్న్యాడు, పిలిస్తే రావాలంట. నీలం పెన్సిలు అడిగినాడు. ఇప్పుడే ఇచ్చొచ్చినా."

సుభద్రమ్మ గట్టిగా కేక పెట్టింది. తలుపు తొయ్యండి, వాడి చెయ్యి పట్టుకోండి, అది సూది, అది సూది అంది. బిడ్డ ఏడుపులో ఆ మాటలు ఎన్ని కుప్పం చేరాయో తెలియదు. ఏమంటాండావమ్మా, వినపడలా, అని డాక్టరు గొంతు దూరంగా వచ్చింది.

ఆ గొంతు వెనక, మూసిన తలుపు అవతలనుంచి, చప్పుడు మొదలైంది.

టక్. టక్. టక్.

ఆ మిషన్ ఒట్టి డబ్బా అని అందరికంటే బాగా తెలిసినవాడే దాన్ని ఇప్పుడు ఆన్ చేశాడు.